పిలకాయలు చెప్పరు, మనమే చూసుకోవాలి: తిరుపతి ఎండల్లో వేసవి క్యాంపు భద్రంగా నడపడం ఎలా?

చంద్రగిరి దగ్గర మామిడితోటలో మేం నడిపిన వేసవి క్యాంపులో అది నాలుగో రోజు. పన్నెండు గంటలప్పుడు నీడలో కూర్చుని బొమ్మలు వేసుకుంటున్న పదకొండేళ్ల పాప ఉన్నట్టుండి తల పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, పెదాలు తెల్లగా ఎండిపోయాయి. తడిగుడ్డలు కప్పి, విసిరి, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగిస్తే అరగంటకి తేరుకుంది. అప్పుడు నా కన్ను పాప బ్యాగు పక్కనున్న బాటిల్ మీద పడింది. పొద్దున వాళ్లమ్మ నింపి పంపిన నీళ్లు మూత దాకా అట్లాగే ఉన్నాయి. "ఎందుకు తాగలేదు తల్లీ?" అంటే చాలాసేపు నోరు విప్పలేదు. ఆఖరికి చెవిలో చెప్పింది: "బాత్రూం తలుపుకి గొళ్లెం లేదు మేడం. నీళ్లు తాగితే పోవాల్సొస్తాది కదా."

ఆ గొళ్లెం బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నాలుగు రోజులూ మేం పూటకి పదిసార్లు "నీళ్లు తాగండి నాయనా, నీళ్లు తాగండమ్మా" అని చెబుతూనే ఉన్నాం. చెప్పడమైతే చేశాం గానీ, ఎవరు తాగారో ఎవరు తాగలేదో చూడలేదు. తప్పు పూర్తిగా మాది.

అప్పటి నుంచి క్యాంపులో ప్రతి ఏర్పాటుకీ ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: పిల్ల నోరు తెరిచి చెప్పకపోయినా ఇది మనకు తెలుస్తుందా? పిలకాయలు దాహం చెప్పరు, దెబ్బ చెప్పరు, కుక్క గీరింది చెప్పరు, ఎవరో చెయ్యి వేశారని అసలే చెప్పరు. తిడతారని భయం, సూది వేస్తారని భయం, ఇంటికి పంపేస్తారని దిగులు. కింద రాసిందంతా క్యాంపు పెట్టేవాళ్ల కోసం. బిడ్డను పంపే తల్లిదండ్రులు ఇదే పట్టుకుని నిర్వాహకులను అడగవచ్చు.

1. స్థలాన్ని మధ్యాహ్నం రెండింటికి చూడండి

చాలామంది స్థలం చూడ్డానికి సాయంత్రం చల్లబడ్డాక పోతారు. అప్పుడు రేకుల షెడ్డు కూడా హాయిగానే ఉంటుంది. నెల ముందు ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి పోయి ఒక గంట అక్కడే నేలమీద కూర్చోండి. రేకుల కింద ఉడుకు ఎంతుందో, ఫ్యాను వేడిగాలి తప్ప ఇంకేమైనా ఇస్తుందో తెలిసిపోతుంది. కరెంటు పోతే ఏమిటని కూడా అక్కడే ఆలోచించండి. పాతకాలపు మిద్దె, దట్టమైన చింతతోపు, మామిడితోట ఉంటే వాటికే నా ఓటు.

తర్వాత రాత్రి ఒకసారి టార్చి పట్టుకుని తిరగండి. ఈ రెండు నడకల్లో చూడాల్సినవి ఇవి: గట్టు లేని పాత బావి, మూత సరిగ్గా కూర్చోని సంపు, మూయకుండా వదిలేసిన బోరు గుంత, మోటారు షెడ్డు, వేలాడే వైర్లు, రాళ్ల కుప్పలు, పిడకల కుప్పలు. మన వైపు పొలాల్లో నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటి గుంతలు చాలా ఉన్నాయి. అందులోకి జారినవాళ్లకి ఆ పట్టా మీద కాలు నిలవదు, ఈత వచ్చిన పెద్దవాళ్లే పైకి రాలేరు. అలాంటి గుంత పక్కనే ఉంటే ఆ స్థలం వదులుకోండి. అడవిపందుల కోసం ఎవరైనా కంచెకి కరెంటు పెడతారేమో పక్క రైతుల్ని నేరుగా అడగండి. అది చట్టవిరుద్ధం కాబట్టి ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఇక మరుగుదొడ్లు. లోపలి గొళ్లెం, లైటు, బక్కెట్టు, మగ్గు, సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. ఆడపిల్లలవి, మగపిల్లలవి ఎదురెదురుగా ఉండకూడదు. శానిటరీ ప్యాడ్లు ఎవరినీ అడగకుండా తీసుకునేలా లోపలే ఒక డబ్బాలో పెట్టండి. పన్నెండేళ్ల పిల్ల ముక్కూమొహం తెలియని సారు దగ్గరికి పోయి ప్యాడ్ అడగదు, ఆ రోజంతా ఒక మూలన కూర్చుంటుంది. వడదెబ్బ నుంచి కాపాడే మొదటి వస్తువు ఏదంటే నేను శుభ్రమైన మరుగుదొడ్డి అనే చెబుతాను. అది బాగుంటేనే నీళ్లు తాగుతారు.

ఆసుపత్రికి బండిలో ఒకసారి పోయిరండి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ పక్కపక్కనే ఉన్నాయి. చిత్తూరు వైపైతే ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి. దగ్గర్లోని పీహెచ్‌సీలో పాముకాటుకి విరుగుడు మందు, కుక్కకాటు టీకా ఉన్నాయా, రాత్రి డాక్టరు ఉంటారా అని ముందే కనుక్కోండి. ఇంకో సంగతి. మే నెలలో గంగమ్మ జాతర జరిగే వారం తిరుపతి వీధులు జనంతో నిండిపోతాయి. మీ క్యాంపు ఆ రోజుల్లో ఉంటే ఆసుపత్రికి రెండో దారి కూడా చూసి ఉంచుకోవాలి.

108కి ఫోన్ చేసినప్పుడు కంగారులో ఎవరికీ చిరునామా నోటికి రాదు. "ఫలానా రోడ్డు, ఫలానా గుడి దాటాక ఎడమ పక్క రెండో మట్టిదారి" అని డ్రైవరుకి అర్థమయ్యే మాటల్లో పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. దాని కిందే 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా రాయండి.

2. ఫారంలో "ఆరోగ్య సమస్యలున్నాయా?" అని అడక్కండి

అలా అడిగితే దాదాపు అందరూ "లేవు" అనే రాస్తారు. పిల్లను చేర్చుకోరని భయం. మూర్ఛ లాంటివైతే నలుగురికీ తెలుస్తుందని ఇంకా భయం. అందుకే ప్రశ్న మార్చాలి. రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉందా? ఎప్పుడైనా పీల్చే మందు వాడారా? కళ్లు తిరిగి పడిపోయిందా? ఫిట్స్ వచ్చాయా? ఏం తింటే దద్దుర్లొస్తాయి? ఏ మందు పడదు? రాత్రి పక్క తడుపుతుందా, నిద్రలో నడుస్తుందా? ముక్కులోంచి రక్తం కారుతుందా? చివరి టీటీ సూది ఎప్పుడు వేశారు? ఫారం తీసుకుని ఊరుకోకుండా అమ్మనో నాన్ననో ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది మన ఇద్దరి మధ్యే ఉంటుందమ్మా" అని చెప్పి అడిగితే కాగితంలో రానివన్నీ బయటికొస్తాయి.

బరువు ఆ రోజే తూచి రాయండి. పిల్లల మందు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. జ్వరానికి పారాసెటమాల్ ఒక విడతకి కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్క. అంటే 20 కిలోల పిల్లవాడికి 300. విడతకీ విడతకీ ఆరు గంటలు ఆగితే పొరపాటుకు తావుండదు. సిరప్పులు 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు ఉండేవి, 250 ఉండేవి రెండూ దొరుకుతాయి. సీసా మీద చదవకుండా పోస్తే మోతాదు సగానికి సగమైనా పడిపోతుంది, రెట్టింపైనా అయిపోతుంది. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ మందూ వేయకండి.

ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో కాకుండా ఆ పిల్లలతో ఉండే పెద్దవాళ్ల నడుము సంచిలో ఉండాలి. ఇన్సులిన్ వాడే పిల్ల ఉంటే, వణుకు, చెమటలు, తిక్కతిక్కగా మాట్లాడటం మొదలైన క్షణంలో మూడు చెంచాల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించాలని అక్కడున్న అందరికీ తెలిసి ఉండాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు, ఇనుపముక్కలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108.

3. ఏ బిడ్డ ఎవరి కంటికింద ఉంది?

ఎనిమిదేళ్ల లోపు ఆరుగురికి ఒకరు, ఆపైవాళ్లకు పదిమందికి ఒకరు. ఇంతకంటే తక్కువ మంది పెద్దవాళ్లతో నేను క్యాంపు పెట్టను. పిల్లల పేర్ల జాబితా ఎవరిది వాళ్ల జేబులో ఉండాలి. "అందరం చూసుకుంటాం" అన్నచోట ఎవరూ చూడరు. భోజనాల దగ్గర నీ వాళ్లు ఎవరు, నా వాళ్లు ఎవరు అన్నది తేలి ఉండాలి.

పిల్లల్ని జతలుగా కలపండి. విజిల్ వేయగానే జత చెయ్యి పట్టుకుని నిలబడాలి. జత లేని పిల్ల ఎవరో ఒక్క చూపులో కనిపిస్తుంది. చోటు మారిన ప్రతిసారీ లెక్క వేయండి. బస్సు దిగాక ఒకరు చివరి సీటు దాకా నడిచి, సీట్ల కిందకి వంగి చూసి రావాలి. ఎండలో అద్దాలు మూసి ఆపిన వాహనంలో పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. వెనక సీట్లో నిద్రపోయిన పిల్లను మరిచిపోవడమంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇక ఆటోల్లో పన్నెండు మందిని కుక్కి పంపే క్యాంపులో మీ బిడ్డను చేర్చకండి.

4. ఎండ: గడియారాన్నే మార్చేయండి

తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కత్తిరి ఎండలు, ఆ తర్వాత రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు. బడి టైంటేబుల్‌ను తెచ్చి క్యాంపుకి అంటిస్తే పది గంటలకి కబడ్డీ పెట్టుకోవాల్సి వస్తుంది. మా రోజు ఇలా ఉంటుంది: తెల్లవారి ఐదున్నరకి లేవడం, ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆటలన్నీ. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఎండలోకి రారు. కథలు, బొమ్మలు, పాటలు, చదరంగం, ఒక గంట నిద్ర. మళ్లీ ఐదు తర్వాతే ఆరుబయట.

మొదటి మూడు రోజులు ఆట సగమే. ఫ్యాను కింద, ఏసీలో ఉండి వచ్చిన ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే పరుగుపందెం పెట్టి హుషారు చేయడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. అంతకుముందు వారం జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గిన పిల్లలు, కాస్త లావుగా ఉన్న పిల్లలు ముందుగా సొమ్మసిల్లుతారు. వాళ్ల పేర్లు మీ జాబితాలో గుర్తు పెట్టుకోండి.

నీళ్ల విషయంలో "తాగండి" అని కేకలేయడం మేం మానేశాం. ఆటల్లో ప్రతి 20 నిమిషాలకీ విజిల్. అందరూ కూర్చుని అర గ్లాసు నుంచి గ్లాసు దాకా అక్కడే, మా కళ్లముందే తాగాలి. బాటిళ్లన్నీ ఒకే వరసలో పెట్టించాం, అదీ లోపలికి కనిపించే రకం. వరస వెంట నడిస్తే ఎవరిది తగ్గలేదో తెలిసిపోతుంది. మూత్రం రంగు గురించి పిల్లలకి సిగ్గుపడకుండా చెప్పండి. నిమ్మరసం రంగులో ఉంటే సరే, ఆవనూనె రంగుకి వస్తే వెంటనే తాగాలి. మరుగుదొడ్డి గోడమీద ఈ రెండు రంగులూ పూసిన అట్టముక్క తగిలిస్తే వాళ్లే చూసుకుంటారు.

మజ్జిగలో ఉప్పు, కాస్త అల్లం, కరివేపాకు నలిపి వేసి పదకొండింటికి ఒక గ్లాసు, నాలుగింటికి ఒక గ్లాసు ఇవ్వండి. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని సరిగ్గా దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. పెద్ద పొట్లమైతే లీటరు. "ఒక గ్లాసులో కొంచెం వేసి కలుపుదాం" అంటే ఉప్పు ఎక్కువై మొదటికే మోసం. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి సమంగా కొలవాలి. దుకాణాల్లో అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలు పేరులో ఓఆర్‌ఎస్ అని వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, పిక్కలు పట్టేయడం, విసుగు కనిపిస్తే నీడకి చేర్చి, ఒళ్లు తడిపి, ఓఆర్‌ఎస్ ఇవ్వాలి. ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్ల నోరు మూసుకుని కూర్చుందంటే నేను అదే మొదటి లక్షణంగా తీసుకుంటాను. కానీ ఒళ్లు నిప్పులా కాలుతూ, మాట తడబడుతూ, తూలుతూ, మనుషుల్ని గుర్తుపట్టలేకపోతే అది వడదెబ్బ. ఒంటివేడి 104 ఫారన్‌హీట్‌కి పైనే ఉంటుంది. అప్పుడు చల్లబరచడం ముందు, బండి ఎక్కించడం తర్వాత. బట్టలు వదులు చేసి, బక్కెట్లతో తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పోస్తూ, అట్టలతో ఆపకుండా విసరండి. మెడకి, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. నీళ్ల తొట్టి ఉంటే మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోండి. 108 వచ్చేలోపు, దారిలో కూడా, ఇది ఆగకూడదు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. స్పృహ లేని నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ముక్కులోంచి రక్తం కారడం ఈ నెలల్లో రోజూ ఒకరికైనా ఉంటుంది. తల వెనక్కి వంచకండి, రక్తం గొంతులోకి దిగి వాంతవుతుంది. ముందుకి వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా గట్టిగా పట్టుకోండి.

మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి గాలివాన, పిడుగులు. ఉరుము వినపడిందంటే ఆట ఆపి మిద్దెలోకి పోవాలి. చెట్టు కిందకి పరుగెత్తకూడదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే ముందే తెలుస్తుంది.

5. తిండి

పొద్దున ఆరింటికి వండి, డబ్బాల్లో మూసి, ఒంటిగంటకి వడ్డించే అన్నంతోనే ఎక్కువ వాంతులు, విరేచనాలు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు వేడిగా వడ్డించండి. దూరప్రయాణమైతే చింతపండు పులిహోర, చపాతీ పట్టుకుపోండి. కొబ్బరిచట్నీ, ఉడికిన గుడ్డు, క్రీము బిస్కెట్లు ఎండలో తీసుకుపోవద్దు. వంట దించగానే ముందు పెద్దవాళ్లు ఇద్దరు తిని చూడాలి.

పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు, రాత్రికి సంగటి, చెనిక్కాయల చట్నీ. ఇంతకంటే వేడికాలానికి సరిపోయే తిండి నాకు తెలియదు. సంగటి తెలియని పిల్లలు కూడా రెండో రోజుకి అడిగి వేయించుకుంటారు. ఎవరు కంచంలో వదిలేస్తున్నారో మాత్రం చూడండి. రెండు పూటలు వరసగా వదిలేస్తే అది ఇంటి బెంగ అయినా కావాలి, జ్వరం అయినా కావాలి.

తోటలో క్యాంపు కాబట్టి మామిడికాయల సంగతి. తొడిమ దగ్గర కారే సొన పెదాలకి, బుగ్గలకి అంటితే కాలినట్టు పుండు పడుతుంది. పిల్లలు దొంగతనంగా కోసుకున్నారు కాబట్టి చెప్పరు, మర్నాడు మూతి చుట్టూ నల్లటి మచ్చతో వస్తారు. అంటిన వెంటనే సబ్బుతో కడిగితే చాలా వరకు తగ్గుతుంది. మా ఉపాయం ఏమిటంటే తొడిమ తీసి గంటసేపు నీళ్లలో వేసిన కాయల బుట్ట మేమే రోజూ పెడతాం. దొంగతనం అవసరం పోయింది. బజారు నుంచి పళ్లు తెచ్చేటట్టయితే కార్బైడ్ వేసి మగ్గబెట్టినవి వద్దు, అది నిషేధం కూడా. బయటి ఐసు, చెరుకురసం, పానీపూరి క్యాంపు నడిచినన్ని రోజులూ మానాల్సిందే. క్యాన్ నీళ్ల మీద నాకు నమ్మకం లేదు, కాచి చల్లార్చి కుండల్లో పోయిస్తాం. కుండకి కుళాయి ఉండాలి, చెయ్యి ముంచే గ్లాసు ఉండకూడదు.

6. ఈత, జలపాతం

మునిగేటప్పుడు పిల్లలు అరవరు, చేతులు ఊపరు. నోరు నీటి మట్టానికి వచ్చాక అరవడానికి ఊపిరి ఉండదు. ఒడ్డున మాట్లాడుకుంటున్న పెద్దవాళ్ల ముందే చడీచప్పుడు లేకుండా కిందికి పోతారు. అందుకే నీళ్ల దగ్గర ఒకరికి చూడటం తప్ప వేరే పని ఉండకూడదు. ఫోను పక్కవాళ్లకి ఇచ్చేయాలి, 15 నిమిషాలకొకసారి మనిషి మారాలి. లైఫ్‌గార్డు ఉన్న కొలనులో తప్ప బావుల్లో, చెరువుల్లో, కల్యాణి డ్యాం దగ్గర దించకండి. తలకోన 270 అడుగుల జలపాతం, చూసి తీరాల్సిందే. కానీ ఆ పాచి రాళ్ల మీద చిన్నపిల్లల స్నానాలకి నేను ఒప్పుకోను. దూరం నుంచి చూపించి, అడవిలో చెట్ల పేర్లు చెప్పి తీసుకొస్తాను.

ఎవరైనా మునుగుతుంటే ఈత రాని మనిషి దూకకూడదు. చీర, తాడు, ఖాళీ క్యాను విసరాలి. బయటికి తీశాక భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కడం లాంటివి చేస్తే సమయం పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముందు నోటితో ఊపిరి ఇచ్చి, తర్వాత ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. 30 నొక్కులకి రెండు ఊపిర్లు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. ఇది చదివితే వచ్చేది కాదు. క్యాంపుకి ముందు ఒక పూట డాక్టరునో నర్సునో పిలిచి పెద్దవాళ్లందరూ బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి.

7. పురుగూ పుట్రా, కుక్కలు, చిరుత

రాత్రి బస ఉంటే నేలమీద పడుకోబెట్టకండి. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. పిల్ల తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తుంది, రెప్పలు వాలిపోతాయి, మింగలేదు, మాట ముద్దగా వస్తుంది. అజీర్ణమనుకుని సోడా ఇచ్చి పడుకోబెడితే ప్రాణం పోతుంది. నేలమీద పడుకున్న పిల్లకి ఇలా ఉందంటే పాముకాటే అనుకుని పరుగెత్తండి. మంచం, అంచులు పరుపు కిందకి దోపిన దోమతెర, ఈ రెండూ ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఏది కరిచినా చేయాల్సింది ఒకటే. కట్టు బిగించొద్దు, కోయొద్దు, పీల్చొద్దు, మంత్రం, పసరు అంటూ ఆగొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా బద్ద పెట్టి వదులుగా కట్టి, నడిపించకుండా ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చండి. గాజులు, ఉంగరం, పట్టీలు వెంటనే తీసేయండి, వాపొస్తే తర్వాత రావు. ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పాముని వెతుకుతూ కూర్చోకండి.

తేలు కుట్టడాన్ని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఎర్రతేలు పిల్లల గుండెని దెబ్బతీస్తుంది. నొప్పితో పాటు వాంతులు, ఒళ్లంతా చెమట, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే క్షణం ఆగకూడదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మందుతో ఈ చావులను ఎంతగా తగ్గించవచ్చో చూపించారు. సమయానికి చేరితే బిడ్డ దక్కుతుంది. చెప్పులు, బూట్లు, ఆరేసిన బట్టలు విదిలించి వేసుకోవడం మొదటి రోజే అలవాటు చేయండి. చిన్న అల్ట్రావయొలెట్ టార్చి కొనుక్కుంటే రాత్రి దాని వెలుగులో తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. పడుకునే ముందు గోడల వెంట ఒకసారి తిప్పండి.

ఒక ఏడాది తొమ్మిదేళ్ల బాబు స్నానం దగ్గర చొక్కా విప్పడానికి ఒప్పుకోలేదు. చూస్తే మోచేతి పైన కుక్కగోళ్ల గీతలు, రెండు రోజులవి. బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారని ఎవరో చెప్పారట. అది పాత సంగతి. ఇప్పుడు చేతికి వేసే టీకా, చర్మంలో వేస్తే 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చేలా కరిస్తే దానితో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ నుంచి వెంటనే కాపాడే సూదిమందు) కూడా వేయాలి. అన్నిటికంటే ముందు పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. ఆ బాబుకి మొత్తం టీకాలు వేయించాం, బాగున్నాడు. అప్పటి నుంచి మొదటి రోజే పిల్లలందరికీ చెబుతాను: "కుక్క నాకినా, గీరినా వచ్చి చెప్పండి. ఎవరూ తిట్టరు. చెప్పినోళ్లకి నేనే తోడొస్తా." సాయంత్రం కాళ్లు చేతులు కడుక్కునే వేళ మోచేతులు, మోకాళ్లు, పిక్కలు ఒకసారి చూసేస్తాం.

శేషాచలం అంచున క్యాంపులు పెట్టేవాళ్లు 2023 ఆగస్టును మరిచిపోకూడదు. అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే చిన్నపిల్లలతో మధ్యాహ్నం తర్వాత నడకకు టీటీడీ ఆంక్షలు పెట్టింది. అడవి పక్కన పొద్దు వాలాక, పొద్దు పొడవకముందు పిల్లలు బయట ఉండకూడదు. నడకలో ముందొకరు, చివర ఒకరు పెద్దవాళ్లు, మధ్యలో పిల్లలు. చెప్పు తెగిందని వెనకబడ్డ పిల్ల కోసం గుంపంతా ఆగాలి. మిగిలిన అన్నం ఆరుబయట పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది.

8. జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి

రోజూ పొద్దున వరసలో ప్రతి బిడ్డ ముఖం చూడండి. కళ్లు ఎర్రబడ్డాయా, చెవి కింద వాచిందా, ఒంటిమీద నీటి పొక్కులున్నాయా. ఆటలమ్మ వేసవిలోనే ఎక్కువ. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది, అన్నీ మాడి పెచ్చు కట్టేదాకా వదలదు. అమ్మవారు పోసిందని ఇళ్లలో గుట్టుగా ఉంచుతారు. నమ్మకాన్ని గౌరవిస్తూనే డాక్టరుకి చూపించమనండి, బిడ్డను ఇంటికి పంపండి. ఈ జ్వరంలో ఆస్పిరిన్ వేయకూడదు. తువ్వాలు, దువ్వెన, గ్లాసు ఎవరివి వాళ్లవే.

ఎవరికైనా వేరుగా పడుకోవడానికి కిటికీ ఉన్న ఒక చిన్న గది, పక్కన ఒక మనిషి ఉండేలా చూడండి. జబ్బు పడ్డ పిల్లను ఒంటరిగా గదిలో వదిలితే తర్వాత ఎవరూ తమకు ఒంట్లో బాగాలేదని చెప్పరు.

9. తాకడం, ఫోను, ఫోటో

ఇది రాయడం కష్టంగానే ఉంటుంది, అయినా రాయాలి. ఏ పెద్దమనిషీ, ఎంత తెలిసినవాడైనా, ఒక బిడ్డతో మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. ఈ నియమం వంటమనిషి నుంచి నా దాకా అందరికీ ఒకటే. స్నానాలు, బట్టలు మార్చుకోవడం పిల్లలు తమంతట తామే. చిన్నవాళ్లకి సాయం కావాలంటే ఆడవాళ్లు ఇద్దరు ఉండాలి. పెద్దపిల్లల పక్కలు, చిన్నపిల్లల పక్కలు వేరు. ర్యాగింగ్ కూడా మరుగుదొడ్ల దగ్గరే మొదలవుతుంది.

బిడ్డ ఏదైనా చెబితే మధ్యలో ఆపకుండా వినండి. "నువ్వు చెప్పడం మంచిపని, తప్పు నీది కాదు" అనండి. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం మాటివ్వకండి, ఎందుకంటే చెప్పి తీరాలి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పకపోవడమే నేరం. సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది దాకా జైలు. పరువు పోతుందని పెద్దమనుషుల పంచాయితీ పెట్టడం బిడ్డకి రెండోసారి చేసే అన్యాయం. నోటితో చెప్పలేని పిల్లల కోసం ఒక తాళం వేసిన డబ్బా పెట్టండి. అందులో రోజూ ప్రతి ఒక్కరూ ఒక చీటీ వేయాలి, బొమ్మయినా సరే, "ఈ రోజు బాగుంది" అనైనా సరే. అందరూ వేస్తే, చెప్పాల్సినవాళ్లు వేసినప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

ఫోటోలు క్యాంపు ఫోనుతోనే, తల్లిదండ్రుల అనుమతి ఉన్నవాళ్లవే. బిడ్డ పేరు, ఊరు కలిపి వాట్సాప్‌లో పెట్టకండి. సాయంత్రం ఎవరు తీసుకుపోతారో ముందే రాసి ఇచ్చిన పేర్లకే బిడ్డను అప్పగించండి. "వాళ్ల మామనండీ" అని వచ్చినా, పిల్ల "మామా" అని పరుగెత్తినా, అమ్మకి ఫోన్ చేశాకే.

10. మందుల పెట్టె

ఓఆర్‌ఎస్, థర్మామీటరు, పారాసెటమాల్, శుభ్రమైన గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీ, ప్లాస్టర్లు, కత్తెర, సబ్బు, చేతి తొడుగులు, కాలమైన్, గ్లూకోజు, బద్దకి పనికొచ్చే రెండు చెక్కలు. ఇవి చాలు. యాంటీబయాటిక్కులు, వాంతుల మందులు మీరు వేసేవి కావు. ఇచ్చిన ప్రతి మందునీ టైముతో సహా నోటుపుస్తకంలో రాయండి.

11. బిడ్డ ఇంటికి చేరాక

క్యాంపు ముగిసే రోజు తల్లిదండ్రులకి మేం ఒక కాగితం ఇస్తాం. ఎప్పుడు ఏం మందు వేశాం, ఎక్కడ దెబ్బ తగిలింది, కుక్క గీరిందా, క్యాంపులో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందా, అన్నీ ఉంటాయి. ఎందుకంటే ఆటలమ్మ 10 నుంచి 21 రోజుల తర్వాత బయటపడుతుంది. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు రెండు నుంచి ఏడు వారాలకి. అప్పటికి క్యాంపు సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు, డాక్టరు అడిగితే ఈ కాగితమే చెబుతుంది. బిడ్డ ఇంటికొచ్చాక ముభావంగా ఉన్నా, పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఒక మనిషి పేరెత్తగానే ముడుచుకుపోయినా మాకు ఫోన్ చేయమని అడుగున రాస్తాం. వారం తర్వాత మేమే ప్రతి ఇంటికీ ఫోన్ చేస్తాం. ముందు అమ్మతో మాట్లాడి, ఆ తర్వాత ఫోను బిడ్డకి ఇవ్వమంటాం.